గుండమ్మ ఇంటి సంగతులు: సందేహాలు - సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘గుండమ్మ కథ’ గురించే. క్విజ్‌కి ప్రశ్నలు తయారు చేసుకుంటున్నవాళ్లు, ఇంట్లో వాదన తేలక రాసినవాళ్లు, ఫోన్‌లో వచ్చిన కబురు నిజమో కాదో తెలుసుకోవాలనుకున్నవాళ్లు ఉన్నారు. అరవై ఏళ్లు దాటిన ఒక కుటుంబ హాస్యచిత్రం మీద ఇంత పట్టింపు ఉండటం నాకు చాలా సంతోషంగా ఉంది. సరదా సినిమాయే కదా, సంగతులు కాస్త అటూ ఇటూ అయితే ఏం పోయింది అనుకునే అలవాటు మనలో ఉంది. పోతుంది. పాటకు వేరే గాయని పేరు అంటగట్టినా, మాటలు రాసినాయన పేరు మరిచిపోయినా ఒక మనిషి కష్టం గాలికి పోతుంది. అందుకే జవాబుతో పాటు దాన్ని ఎలా సరిచూసుకోవచ్చో కూడా రాస్తున్నాను.

*మా కాలేజీ క్విజ్‌లో ‘గుండమ్మ కథ’ విడుదల తేదీ 1962 జూన్ 7 అని చెప్పాను. క్యాలెండర్ చూస్తే ఆ రోజు గురువారం, సినిమాలు శుక్రవారం కదా వస్తాయి, కాబట్టి తేదీ తప్పు అని మార్కు కోసేశారు. ఎవరిది సరి? - ఒక విద్యార్థిని, వరంగల్*

మీదే సరి అమ్మా. 1962 జూన్ 7 గురువారమే, సినిమా వచ్చింది ఆ రోజే. శుక్రవారం విడుదల అనే ఇప్పటి అలవాటును ఆ రోజులకు అంటగట్టడం దగ్గర మీ నిర్వాహకులు పొరబడ్డారు. ఈ సినిమా తీసిన విజయా వారి మిగతా సినిమాలే తీసుకోండి. ‘పాతాళ భైరవి’ 1951 మార్చి 15న వచ్చింది, గురువారం. ‘మిస్సమ్మ’ 1955 జనవరి 12, బుధవారం. ‘మాయాబజార్’ 1957 మార్చి 27, అదీ బుధవారమే. ‘మిస్సమ్మ’ తేదీ చూడగానే సంక్రాంతి గుర్తుకొస్తుంది. వారం కన్నా పండగకీ, సెలవులకీ, ప్రింట్లు చేతికి అందే రోజుకీ అప్పట్లో విలువ ఎక్కువ. కాబట్టి వారం పేరు పట్టుకుని పాత సినిమా తేదీని కొట్టేయకూడదు.

మరి తేదీకి సాక్ష్యం ఏమిటంటే, ఆనాటి దినపత్రికలో వేసిన ప్రకటన. ‘నేటి నుండి’ అని అచ్చు వేసిన ప్రకటనకు మించినది లేదు. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ పాత సంచికల్లో చాలా వాటిని ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల కాగితాలే చూడొచ్చు. ఇంకో చిన్న ఉపాయం ఉంది. విడుదల రోజును మొదటి రోజుగా లెక్కపెడితే జూన్ 7కి వందో రోజు సెప్టెంబరు 14. వంద రోజుల ప్రకటనలు ఎక్కడ దొరుకుతాయో వెతకాలంటే ఆ వారం పత్రికలు తిప్పండి. రెండు ప్రకటనల మధ్య లెక్క కుదిరితే తేదీ గట్టిదే.

ఒక జాగ్రత్త. మీ తాతగారు ‘మా ఊళ్లో దసరాకి చూశాను’ అంటే అది అబద్ధం కాదు. ప్రింట్లు తక్కువ, పెద్ద ఊళ్లు అయ్యాకే చిన్న ఊళ్లకు పెట్టెలు వచ్చేవి. ఆయన చెబుతున్నది తన ఊరి తేదీ.

*సినిమా మొదట్లో చూపించే సెన్సార్ సర్టిఫికెట్ మీద తేదీ ఉంటుంది కదా, దాన్ని మించిన రుజువు ఏముంటుంది? - ఒక పాఠకుడు, ఒంగోలు*

మొదటి ప్రింటు మీద ఉన్నదైతే మంచి రుజువే. అయినా అది సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ, విడుదల తేదీ కాదు. పైగా 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం సర్టిఫికెట్‌కు పదేళ్ల గడువు పెట్టింది. ఆ గడువును చట్టంలోంచి తీసేసింది 2023 సవరణలోనే. పాత సినిమాను మళ్లీ విడుదల చేసినప్పుడు కొత్త సర్టిఫికెట్ తీసుకుని, ప్రింటు ముందు దాన్నే అతికించేవారు. మీరు చూసిన ప్రింటు మీద డెబ్బైల నాటి తేదీ ఉంటే సినిమా డెబ్బైల్లో తీశారని కాదు. సర్టిఫికెట్ మీద తేదీతో పాటు రీళ్ల సంఖ్య, నిడివి కూడా చూడండి. ఎక్కువమంది వాటిని వదిలేస్తారు. కింద ఇంకో ఉత్తరానికి అవే పనికొచ్చాయి.

*‘గుండమ్మ కథ’ ఎన్టీఆర్ వందో చిత్రం, ఏఎన్నార్ 99వ చిత్రం అని మా తెలుగు సంఘం క్విజ్‌లో పెట్టాం. ఒకాయన తన జాబితా ప్రకారం రెండూ తప్పే అంటున్నారు. ఇద్దరూ కలిసి నటించినవి 14 అని కొందరు, 13 అని కొందరు. ఏం చెప్పమంటారు? - ఒక పాఠకుడు, న్యూజెర్సీ*

‘గుండమ్మ కథ’ ఎన్టీఆర్‌కి వందో చిత్రంగా, ఏఎన్నార్‌కి 99వ చిత్రంగా లెక్కకెక్కింది. క్విజ్‌లో అదే ఉంచండి. కానీ లెక్క ఏ పద్ధతిలో పెట్టారో ప్రశ్నలోనే చెప్పండి, అప్పుడు గొడవ ఉండదు.

ఈ లెక్కల్లో తేడాలు ఎక్కడినుంచి వస్తాయో ఇదే సినిమాలో చూడొచ్చు. విజయా వారు ఇదే కథను అదే ఏడాది తమిళంలో ‘మనిదన్ మారవిల్లై’గా తీశారు. ఏఎన్నార్ తన పాత్రను అక్కడా వేశారు, ఎన్టీఆర్ పాత్ర జెమినీ గణేశన్ వేశారు. ఏఎన్నార్ వందో చిత్రంగా చెప్పేది ఆ తమిళ చిత్రాన్నే. అంటే ఆయన 99, 100 రెండూ ఒకే కథ. ఎవరైనా రెండు భాషలవీ కలిపి ఒకటే అనుకుంటే అక్కడినుంచి అంకెలన్నీ ఒకటి జరిగిపోతాయి. మీ ఊరి ఆయన జాబితాలో జరిగింది అలాంటిదే అయి ఉండొచ్చు, అడిగి చూడండి.

ఇద్దరూ కలిసి నటించిన వాటి సంగతీ అంతే. వరుసగా రాస్తాను, మీరే లెక్కపెట్టండి: ‘పల్లెటూరి పిల్ల’, ‘సంసారం’, ‘రేచుక్క’, ‘పరివర్తన’, ‘మిస్సమ్మ’, ‘తెనాలి రామకృష్ణ’, ‘చరణదాసి’, ‘మాయాబజార్’, ‘భూకైలాస్’, ‘గుండమ్మ కథ’, ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’, ‘చాణక్య చంద్రగుప్త’, ‘రామకృష్ణులు’, ‘సత్యం శివం’. మొత్తం 14. వీటిలో ‘రేచుక్క’లో ఏఎన్నార్ కనిపించేది కాసేపే. దాన్ని వదిలేసినవాళ్లకు 13 వస్తాయి. రెండు అంకెలూ నిజాయతీ గలవే. క్విజ్ పెట్టేవాళ్లు ‘అతిథి పాత్రతో కలిపి’ అనే రెండు మాటలు కలిపితే చాలు.

నన్ను ఇంతకన్నా ఆకట్టుకునే లెక్క ఇంకొకటి ఉంది. ఏఎన్నార్ 1941లో ‘ధర్మపత్ని’లో చిన్న వేషంతో మొదలుపెట్టారు. ఎన్టీఆర్ 1949లో ‘మనదేశం’తో వచ్చారు. ఎనిమిదేళ్లు వెనక బయల్దేరినాయన ‘గుండమ్మ కథ’ దగ్గర ఒక్క సినిమా ముందున్నారు. పదమూడేళ్లలో వంద సినిమాలంటే ఆ మనిషి రోజుకి ఎన్ని గంటలు మేకప్‌తో ఉండి ఉంటారో ఆలోచించండి. క్విజ్‌లో అడగాల్సిన ప్రశ్న ఇదే అని నా అభిప్రాయం.

*ఆ సినిమా చేసేటప్పటికి సూర్యకాంతం గారికి అరవై ఏళ్లుంటాయని మా అమ్మమ్మ, యాభై అని మా అమ్మ పందెం. ఎవరు గెలిచారు? - ఒక పాఠకురాలు, కాకినాడ*

ఇద్దరూ ఓడిపోయారు. సూర్యకాంతం గారు 1924 అక్టోబరు 28న మీ కాకినాడ దగ్గరే పుట్టారు. సినిమా విడుదలయ్యేనాటికి ఆమెకు 37. ముప్ఫై ఏడు! కూతురు సరోజగా వేసిన జమున 1936 ఆగస్టులో పుట్టారు, అంటే అప్పటికి 25. తల్లీకూతుళ్లకు తేడా పన్నెండేళ్లు కూడా లేదు. ఇంకా వినండి. గుండమ్మకు అల్లుడైన అంజి, అంటే ఎన్టీఆర్, 1923 మే 28న పుట్టారు. అల్లుడు అత్తగారి కన్నా పదిహేడు నెలలు పెద్ద.

వెండితెర మీద ఆ తేడా ఎక్కడైనా తెలిసిందా? నిక్కరు వేసుకుని పిండి రుబ్బే అంజి ముందు గుండమ్మ నిలబడితే ఆమె ఎవరో, అతను ఎవరో మనకు అనుమానమే రాదు. మెడ తిప్పడం, ఎడం చెయ్యి ఊపడం, మాట చివర సాగదీయడం, ఇవన్నీ కలిపి ఆమె కట్టిన వయసు అది. తెల్లజుట్టుతో వచ్చిన వయసు కాదు. ఆమెను గయ్యాళి అత్త అనే ఒక్క మాటతో సరిపెట్టే వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ముప్ఫై ఏడేళ్ల మనిషి, తనకన్నా వయసులో పెద్దవాడైన హీరోకి అత్తగా నిలబడి తన పాత్ర పేరునే సినిమా పేరు చేసుకోగలగడం మన తెరమీద మళ్లీ జరగలేదు.

ఎస్వీ రంగారావు గారిదీ ఇలాంటి సంగతే. ఆయన 1918 జూలై 3న పుట్టారు. ఇద్దరు హీరోలకూ తండ్రిగా వేసేటప్పటికి 43 ఏళ్లు. పెద్ద కొడుకుగా వేసిన ఎన్టీఆర్‌కి 39. తండ్రీకొడుకుల మధ్య ఐదేళ్ల తేడా. ఆయన 1974లో 56 ఏళ్లకే వెళ్లిపోయారు. తెరమీద అంతమందికి తండ్రి, తాత అయిన మనిషి నిజంగా ముసలితనం చూడనే లేదు.

వయసు లెక్క కట్టేటప్పుడు పుట్టిన తేదీ గట్టిగా తెలిసినవాళ్లనే తీసుకోండి. సావిత్రి గారి పుట్టిన సంవత్సరం రకరకాలుగా అచ్చయి ఉంది, అందుకే ఇక్కడ ఆమెను లెక్కలోకి తీసుకోలేదు.

*ఇది కన్నడ సినిమాకు రీమేక్ అని ఇక్కడ మా స్నేహితులు, షేక్‌స్పియర్ నాటకం నుంచి తీసుకున్నారని మా మాస్టారు. ఏది నిజం? - ఒక పాఠకుడు, హిందూపురం*

రెండూ. అసలు ఇంటి పునాది కన్నడ చిత్రం ‘మనె తుంబిద హెణ్ణు’, 1958లో వచ్చింది, దర్శకుడు బి. విఠలాచార్య. అవును, తర్వాత మనకు జానపదాలతో, మాయలతో ఊపిరాడనీయని ఆ విఠలాచార్యే. సవతి కూతురిని పనిమనిషిలా చూసే గృహిణి, ఆ ఇంటికి వచ్చే కోడలూ అల్లుళ్ల గొడవ అక్కడినుంచి వచ్చింది. నిర్మాతల్లో ఒకరైన చక్రపాణి గారు దాన్ని అలాగే తెలుగులోకి దించలేదు. గారాబంతో పెరిగి తలెగరేసే సరోజను రాజా, అంటే ఏఎన్నార్, దారికి తెచ్చే భాగానికి షేక్‌స్పియర్ ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ ఛాయ ఉంది. నాటకంలో మొగుడు పెళ్లాన్ని లొంగదీస్తాడు. ఇక్కడ పొగరు దిగాల్సింది కూతురికి మాత్రమే కాదు, తల్లికి కూడా. ఆ రెండో భాగమే సినిమాకు ప్రాణం, దానికి నాటకంతో పని లేదు.

మూలం ఉందని తెలియగానే సినిమా విలువ తగ్గించి మాట్లాడేవాళ్లుంటారు. నాకు ఆ వాదన నచ్చదు. ‘మిస్సమ్మ’కు కూడా బెంగాలీ మూలం ఉంది. రవీంద్రనాథ్ మైత్ర నాటకం ‘మన్మొయీ గర్ల్స్ స్కూల్’ అది. చక్రపాణి గారు క్షయ వ్యాధికి మదనపల్లె శానటోరియంలో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకుని శరత్ నవలలు తెలుగు చేసిన మనిషి. పరాయి కథను తెలుగు ఇంట్లో కూర్చోబెట్టడం ఆయనకు విద్య. మూలం పేరు చెప్పడం వల్ల ఆ విద్య ఇంకా బాగా కనిపిస్తుంది.

*మా ఊరివాడైన చక్రపాణి గారే ‘గుండమ్మ కథ’కు కథ, మాటలు, దర్శకత్వం అన్నీ చూశారని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. పేరుకే వేరే దర్శకుడట. నిజమేనా? - ఒక పాఠకుడు, తెనాలి*

అభిమానం అర్థమైంది. అయినా ఎవరి పని వాళ్లకు ఇద్దాం. ఆలూరి వెంకటసుబ్బారావు అనే చక్రపాణి గారు నాగిరెడ్డి గారితో కలిసి నిర్మాత. కథను తెలుగుకు మలచింది ఆయనే. మాటలు డి.వి. నరసరాజు గారివి. పాటలు పింగళి నాగేంద్రరావు గారివి. సంగీతం ఘంటసాల, కెమెరా మార్కస్ బార్ట్లే, కళ గోఖలే, కళాధర్. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు.

మీ ఊళ్లో ఆ మాట ఎలా పుట్టిందో నాకో ఊహ ఉంది. తమిళ ‘మనిదన్ మారవిల్లై’కి చక్రపాణి గారే దర్శకుడు. రెండు సినిమాలూ ఒకే కథ, ఒకే సంస్థ, ఒకే ఏడాది. చెప్పుకునేవాళ్ల నోట ఒకదాని సంగతి ఇంకోదానికి అంటుకోవడం తేలిక.

కామేశ్వరరావు గారిని ‘పేరుకే’ అనడం మాత్రం అన్యాయం. బందరు మనిషి, కృష్ణాపత్రికలో సినిమా విమర్శలు రాసి పేరు తెచ్చుకున్నాక ఈ రంగంలోకి వచ్చారు. విజయా వారికే 1954లో ‘చంద్రహారం’ తీశారు. ‘గుండమ్మ కథ’ తర్వాతి ఏడాది ‘నర్తనశాల’, 1965లో ‘పాండవ వనవాసం’. పౌరాణికాల దర్శకుడికి ఇంటి హాస్యం ఏం తెలుసు అనేవాళ్లు సినిమాను ఒకసారి మాటలు ఆపి చూడాలి. గుండమ్మ ఇంటి వాకిలి, వంటగది, మేడ మెట్లు, ఎవరు ఎటునుంచి వస్తారో, ఎవరి కంట ఎవరు పడకూడదో మనకు ఎక్కడా తికమక రాదు. ఆ తేటదనం దర్శకుడి చేతిలోంచే వస్తుంది.

ఎవరి పని ఏదో తేల్చుకోవడానికి మొదటి సాక్ష్యం సినిమా టైటిల్స్. ఒక్కో కార్డు దగ్గర ఆపి కాగితం మీద రాసుకోండి. రెండోది పాటల పుస్తకం. హాల్లో అణాలకు అమ్మిన ఆ చిన్న పుస్తకం ఇప్పటికీ పాత పుస్తకాల దుకాణాల్లో, సేకరించేవాళ్ల దగ్గర దొరుకుతుంది. నటీనటుల పేర్లు, సాంకేతికుల పేర్లు, మిగతాది వెండితెరపై చూడమనే కథా సంగ్రహం అందులో ఉంటాయి. అది విడుదలకు ముందే అచ్చవుతుంది కాబట్టి చివర్లో తీసేసిన పాట పుస్తకంలో మిగిలిపోవచ్చు, ఆఖర్న కలిపిన సన్నివేశం లేకపోవచ్చు. మూడోది ఆ పని చేసినవాళ్ల జ్ఞాపకాలు. నరసరాజు గారి ‘తెర వెనుక కథలు’, ‘అదృష్టవంతుని ఆత్మకథ’ రెండూ చదవండి. చర్చలు ఎలా జరిగేవో, ఎవరి స్వభావం ఎలాంటిదో అలాంటి పుస్తకాలే చెప్పగలవు. తేదీలకు, అంకెలకు మాత్రం జ్ఞాపకాల మీద ఆధారపడొద్దు. మాట గుర్తున్నంత గట్టిగా మనిషికి తేదీ గుర్తుండదు.

*మా నాన్నగారు ‘గుండమ్మ కథ’ షూటింగ్ విశేషాలు 1962 నాటి విజయచిత్రలో చదివానంటారు. ఆ సంచిక ఎక్కడ దొరుకుతుంది? - ఒక పాఠకుడు, నెల్లూరు*

విజయచిత్ర మొదలైంది 1966లో. నాన్నగారు చదివింది వేరే పత్రికలోనైనా అయి ఉండాలి, విజయచిత్రలో తర్వాత వచ్చిన జ్ఞాపకాల వ్యాసమైనా అయి ఉండాలి. 1966 తర్వాతి సంచికలు చూడండి. దొరికితే అది నాలుగైదేళ్ల తర్వాత చెప్పిన మాటగానే వాడుకోండి, షూటింగ్ నాటి వార్తగా కాదు.

*టీవీలో వచ్చే ‘గుండమ్మ కథ’ 159 నిమిషాలే ఉంది. 166 అని రాసుకున్నాను. ఏడు నిమిషాలు ఎవరు కోశారు? - ఒక పాఠకుడు, హైదరాబాద్*

ఎవరూ కొయ్యకపోవచ్చు. ఇది చాలామందికి తెలియని సంగతి, కాస్త వివరంగా చెబుతాను. సినిమా ఫిలిం సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. మన దేశంలో పాత టీవీ పద్ధతి సెకనుకు 25. ఫిలింను టేపుకు ఎక్కించేటప్పుడు సెకనుకు ఒక ఫ్రేము చొప్పున వేగం పెరిగేది. 166 నిమిషాలను 24తో గుణించి 25తో భాగించండి. 159కి కాస్త పైన వస్తుంది. ఒక్క ఫ్రేము కూడా పోకుండానే ఆరున్నర నిమిషాలు మాయమవుతాయి. దానితో పాటు శ్రుతి కూడా కొద్దిగా పైకి వెళుతుంది. టీవీలో విన్న ఘంటసాల గొంతు రికార్డు మీద విన్నదానికన్నా సన్నగా అనిపించిందని కొందరు అంటారు. వాళ్ల చెవి సరైనదే.

నిజంగా కోత పడిందో లేదో తెలియాలంటే సర్టిఫికెట్ మీద నిడివి చూడాలి. 35 ఎంఎం ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. 166 నిమిషాలంటే 14,940 అడుగులు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు వస్తుంది, కాబట్టి పదిహేను రీళ్లు. సర్టిఫికెట్ మీద నిడివి మీటర్లలో ఉంటే 3.28తో గుణించి అడుగులు చేసుకోండి. టీవీ కాపీ అయితే పైన చెప్పిన వేగం తేడాను ముందు సరిచేసుకోండి, ఆ తర్వాత కూడా మీ దగ్గరున్న కాపీ ఈ లెక్కకు ఎంత తక్కువుందో అదే కోత.

రంగులద్దిన ప్రింట్ల విషయంలో ఇంకా జాగ్రత్త. ‘మాయాబజార్’ను 2010లో రంగుల్లో విడుదల చేసినప్పుడు నిడివి తగ్గించారు. దాన్ని చూసి ‘అసలు సినిమాలో ఆ సన్నివేశం లేదు’ అని వాదించకూడదు.

*ఎన్టీఆర్‌కీ, ఏఎన్నార్‌కీ ఇద్దరికీ ఘంటసాలే పాడారా? నాకు రెండు గొంతులు వేరుగా వినిపిస్తాయి. - ఒక పాఠకురాలు, విశాఖపట్నం*

ఇద్దరికీ ఆయనే. సంగీతమూ ఆయనదే. ఆడవాళ్ల పాటలకు పి. సుశీల, పి. లీల. మీకు గొంతులు వేరుగా వినిపించడం ఆయన గొప్పతనం. ఎన్టీఆర్‌కు పాడేటప్పుడు గొంతులో నిండుదనం, ఏఎన్నార్‌కు పాడేటప్పుడు మెత్తని విరుపు తెచ్చేవారు. ‘మిస్సమ్మ’లో ఎన్టీఆర్‌కు ఏ.ఎం. రాజా గొంతు. రెండు సినిమాలూ వెంటవెంటనే చూస్తే, ఒకే నటుడి మీద రెండు గొంతులు ఎంత వేరుగా కూర్చున్నాయో తెలుస్తుంది.

గాయకుల పేరు తేల్చుకోవాలంటే గ్రామఫోన్ రికార్డు లేబుల్ చూడండి. క్యాసెట్ల కాలంలో అచ్చేసిన అట్టల మీద పేర్లు తారుమారైన సందర్భాలు నేను చాలా చూశాను. ఇంకోటి, 78 రికార్డు ఒక వైపుకు మూడు నిమిషాల పైచిలుకే పడుతుంది. సినిమాలో పాట అంతకన్నా పొడుగ్గా ఉంటే రికార్డులో చరణమో, వాద్యమో తగ్గి ఉంటుంది. రికార్డులో లేదు కాబట్టి సినిమాలోనూ లేదనుకోవద్దు.

*‘మిస్సమ్మ’ గురించి అడగొచ్చా? భానుమతి గారితో నాలుగు రీళ్లు తీసి ఆపేశారంటారు. నాలుగు రీళ్లంటే ఎంత సినిమా? - ఒక పాఠకుడు, రాజమండ్రి*

తప్పకుండా అడగొచ్చు, గుండమ్మకు ఈవిడ పెద్దక్క కదా. గట్టిగా చెప్పగలిగింది ఇది: మేరీ పాత్రకు మొదట భానుమతి గారిని తీసుకున్నారు, కొంత చిత్రీకరణ జరిగింది, నిర్మాతలతో పొసగక ఆమె తప్పుకున్నారు. రెండో కథానాయికగా అనుకున్న సావిత్రి ఆ పాత్రలోకి వచ్చారు, సావిత్రి ఖాళీ చేసిన చోటికి జమున వచ్చారు.

మీ ప్రశ్న చాలా మంచిది. అంతమంది ఆ అంకె చెబుతారు గాని దాని అర్థం ఎవరూ అడగరు. కూర్చి సిద్ధం చేసిన నాలుగు రీళ్లంటే దాదాపు 44 నిమిషాలు. మూడు గంటల సినిమాలో నాలుగో వంతు అయిపోయినట్టు. కెమెరాలో తిరిగిన ముడి ఫిలిం నాలుగు డబ్బాలంటే, టేకులూ రీటేకులూ పోగా మిగిలేది కొన్ని సన్నివేశాలు. ఈ రెండింటి మధ్య నిర్మాతకు నష్టం ఎన్నో రెట్లు తేడా. అంకె చెప్పినవాళ్లు ఏ రీళ్ల గురించి మాట్లాడుతున్నారో తెలిసేదాకా ‘కొంత చిత్రీకరణ’ అనే రాయాలి. తెగువ గల మనిషి ఒకరు, పంతం గల మనిషి ఒకరు, మధ్యలో ఒక కొత్త తార. కథ ఇంత బాగుంటే అంకెలు పెంచి చెప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పెంపు లేకపోయినా కథ బాగానే ఉంటుంది.

2003లో నీలకంఠ దర్శకత్వంలో ‘మిస్సమ్మ’ పేరుతోనే ఇంకో సినిమా వచ్చింది. వివరాలు వెతికేటప్పుడు సంవత్సరం పక్కన పెట్టుకోండి. పేర్లలో ఇంటిపేరు అక్షరం కూడా వదలొద్దు. సి. పుల్లయ్య వేరు, పి. పుల్లయ్య వేరు. ఉత్త ‘పుల్లయ్య’ అని రాస్తే ‘లవకుశ’ ఒకరిది, ‘శ్రీ వెంకటేశ్వర మహత్యం’ ఇంకొకరిది అనే తేడా చెరిగిపోతుంది.

*జమున గారితో ఇద్దరు హీరోలకూ మాటల్లేని రోజుల్లో ఈ సినిమా తీశారంటారు. అది నిజమా, పుకారా? - ఒక పాఠకురాలు, గుంటూరు*

మనస్పర్థలు నిజమే. కొన్నాళ్లు ఆ ఇద్దరి సినిమాల్లో ఆమె లేరు. విజయా అధినేతలు పూనుకుని సర్దుబాటు చేశాక ‘గుండమ్మ కథ’లో కలిశారు. జమున గారే బతికుండగా ఎన్నో ఇంటర్వ్యూల్లో ఈ సంగతి చెప్పారు. సంబంధమున్న మనిషి తన నోటితో, తన పేరుతో చెప్పిన మాటకు విలువ ఉంది. ఆ మాటకు తర్వాతివాళ్లు కలిపిన చిలవలు పలవలకు లేదు. సెట్లో ఎవరు ఎవరితో ఏమన్నారని కొటేషన్లు పెట్టి మరీ రాసేవాళ్లను ‘అప్పుడు మీరు అక్కడున్నారా’ అని అడగండి.

పది చోట్ల కనిపించిందని నమ్మడం కూడా మానేయాలి. పది చోట్లా అవే వాక్యాలుంటే అది ఒక్క సాక్ష్యమే. మొదట రాసినదెవరో వెతికి ఆ ఒక్కరిని పరీక్షించండి.

*రెండు జంటలూ కలిసి పాడే పాటలో నలుగురూ ఒక్కసారి కూడా కలిసి సెట్ మీద లేరట, డేట్లు కుదరక ఎవరు దొరికితే వాళ్లతో తీసి కూర్చారట. దీన్ని తేల్చే దారి ఉందా? - ఒక పాఠకుడు, విజయవాడ*

ఉంది, కాగితం, పెన్ను చాలు. పాటను ఒక్కో షాట్ దగ్గర ఆపుతూ వెళ్లండి. షాట్ మొదలైన నిమిషం, సెకను రాసి, పక్కన ఫ్రేములో ఎవరెవరున్నారో రాయండి. ముఖం కనబడితే పేరు రాయండి. వీపో, తల వెనక భాగమో మాత్రమే కనబడితే ‘వెనక నుంచి’ అని రాయండి, ఎందుకంటే డూపును నిలబెట్టేది అక్కడే. నేల మీద నీడలు ఒకే వైపు పడుతున్నాయా, ఒకరు చూస్తున్న దిక్కునే ఇంకొకరు ఉన్నారా అన్నది కూడా గమనించండి.

నాలుగు ముఖాలూ స్పష్టంగా ఉన్న ఒక్క ఫ్రేము దొరికినా ఆ కబురు అక్కడితో సరి. దొరకకపోతే మాత్రం కబురు రుజువైనట్టు కాదు, దానికి బలం పెరిగినట్టు మాత్రమే. నలుగురూ పక్కనే ఉన్నా దర్శకుడు ఇద్దరిద్దరినే చూపించి ఉండొచ్చు. ఇలా కూర్చినదే నిజమైతే, చూసేవాళ్లకు అతుకు కనబడకుండా చేసిన ఎడిటింగ్ వాళ్లకూ, రోజులు మారినా వెలుగు మారనివ్వని బార్ట్లేకీ ఆ ఘనత దక్కాలి. ఇన్నేళ్లుగా ఈ కబురు చెప్పుకున్నవాళ్లెవరూ వాళ్ల పేర్లు ఎత్తలేదు.

ఈ పని పాఠకులే చెయ్యాలని నా కోరిక. ఏ కాపీ చూశారో, దాని నిడివి ఎంతో ముందు రాసి, షాట్ల జాబితా పంపించండి. నలుగురి ముఖాలూ ఉన్న ఫ్రేము ఎవరికి దొరికినా నిమిషం, సెకనుతో సహా వచ్చే నెల ఇక్కడే అచ్చు వేస్తాం.